బాబాయి రేడియోల కోసం అల్యూమినియం చట్రం

మా బాబాయి దగ్గరున్న పాత వాల్వ్ రేడియోల్లో ఏ రెండూ ఒకే కొలతలో ఉండవు. ఒకటి వెడల్పుగా, పొట్టిగా ఉంటుంది. ఇంకొకటి నిలువుగా, పైన కమాను తిరిగి ఉంటుంది. ఒకదాని లోతు 20 సెంటీమీటర్లయితే ఇంకోదానిది 35. చెక్క పెట్టెలో బిగించిన పెద్ద సెట్లు పది కిలోల దాకా తూగుతాయి. పైగా ఆయన సేకరణ ఆగేది కాదు. "ఇంకో సెట్టు వస్తోందిరా, చోటు చూడు" అన్న మాట ఎప్పుడైనా రావచ్చు. చెక్క బీరువా చేయిస్తే అది చేయించిన రోజున ఉన్న రేడియోలకే సరిపోతుంది. అందుకే ఆయన షోకేసుని అల్యూమినియం ఎక్స్‌ట్రూజన్‌తో కట్టాను.

నాలుగు వైపులా పొడుగునా గాడి ఉండే అల్యూమినియం కడ్డీలివి. కర్మాగారాల్లో యంత్రాల చట్రాలకీ, కన్వేయర్లకీ, ఇళ్లలో త్రీడీ ప్రింటర్లకీ వాడతారు. గాడిలో టి-నట్ (గాడి లోపల పట్టుకునే మర బిళ్ల) పెట్టి, బోల్టుతో బ్రాకెట్ బిగిస్తే అతుకు సిద్ధం. వెల్డింగ్ ఉండదు, జిగురు ఉండదు. బోల్టు వదులు చేస్తే అతుకు గాడి వెంబడి జరుగుతుంది. నాకు ఈ పదార్థం మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం ఇదే. అరల ఎత్తు ఎంత ఉండాలో కట్టేముందే తేల్చుకోనక్కర్లేదు. కట్టాక, రేడియోలు పెట్టి చూశాక, దూరంగా నిలబడి చూశాక కూడా మార్చుకోవచ్చు. కొత్త సెట్టు వచ్చినప్పుడు పక్క అరను ఆరు సెంటీమీటర్లు కిందికి దించడానికి ఒక అలెన్ కీ (ఆరు పలకల కీ), కాసేపటి ఓపిక చాలు.

ఇవి ఎలా తయారవుతాయో కొంచెం చెప్పాలి, ఎందుకంటే గుణమంతా అక్కణ్ణుంచే వస్తుంది. అల్యూమినియం దిమ్మెని సుమారు 450 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి, హైడ్రాలిక్ ప్రెస్‌తో ఉక్కు డై (అచ్చు) గుండా నెడతారు. లోహం కరగదు, మెత్తబడుతుందంతే. డైలో ఏ ఆకారం ఉంటే ఆ ఆకారపు కడ్డీ అవతలి నుంచి వస్తుంది. దాన్ని చల్లార్చి, సాగదీసి నిటారు చేసి, మళ్లీ ఓ మోస్తరు వేడిలో కొన్ని గంటలు ఉంచితే గట్టిపడుతుంది. ఈ పద్ధతి అల్యూమినియం కంటే పాతది. సీసం గొట్టాలు తీయడానికి జోసెఫ్ బ్రామా 1797లోనే పేటెంట్ తీసుకున్నాడు. అల్యూమినియం చవకగా దొరకడం మొదలైంది 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో ఎరూ ఎవరికి వారు విద్యుత్ పద్ధతి కనుక్కున్నాకనే.

ఈ కడ్డీలకి ఎక్కువగా వాడేది 6063 మిశ్రమం. అందులో మెగ్నీషియం, సిలికాన్ కొద్దికొద్దిగా ఉంటాయి. టీ5, టీ6 అన్నవి గట్టిపరిచిన తీరుని తెలిపే గుర్తులు. టీ6 అంటే ఎక్కువ బలం కాబట్టి అర తక్కువ వంగుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వంగకుండా నిలబెట్టే బిరుసుతనం ఈ మిశ్రమాలన్నిటిలోనూ దాదాపు ఒకటే, సుమారు 70 గిగాపాస్కల్‌లు. ఉక్కులో మూడో వంతు. టీ6 కడ్డీ శాశ్వతంగా వంగిపోయేముందు ఎక్కువ బరువు ఓర్చుకుంటుంది. కానీ షోకేసులో మనం ఆ హద్దు దగ్గరికి కూడా పోము. అక్కడ కంటికి ఆనేది అర మధ్యలో పడే వంపు. అది తగ్గాలంటే మార్చవలసింది కడ్డీ ఆకారాన్ని.

పేర్లు తేలిక. 2020 అంటే అడ్డంగా కోస్తే 20 మి.మీ. ఎత్తు, 20 మి.మీ. వెడల్పున్న ముఖం. 2040 అంటే ఒక వైపు 20, ఇంకో వైపు 40 మి.మీ., 40 వైపు రెండేసి గాళ్లు. 3030, 4040, 4080 అన్నీ ఇదే లెక్క. బాబాయి షోకేసు వెడల్పు 1280 మి.మీ. గుంజలకి 4040 వాడాను కాబట్టి రెండు గుంజల మధ్య అరకి మిగిలేది 1200. ఒక అర మీద 40 కిలోలు పడతాయనుకుందాం. ముందొక కడ్డీ, వెనకొక కడ్డీ ఉంటాయి, ఒక్కోదాని వాటా 20 కిలోలు. బరువు పొడుగంతా సమంగా పరుచుకుందనీ, కొసలు ఊరికే ఆనించినట్టుగా ఉన్నాయనీ లెక్క వేస్తే 2020 కడ్డీ మధ్యలో 9 మి.మీ. దాకా కుంగుతుంది. అది తెగిపోదు, పడిపోదు. కానీ రేడియోల వరస నడుమ కుంగి కనిపిస్తుంది, చూసినప్పుడల్లా కంట్లో పడుతుంది. అదే 2040ని నిలువుగా, అంటే 40 వైపు పైకీ కిందికీ ఉండేలా పెడితే కుంగేది మిల్లీమీటరు పైన కొంచెం. లోహం రెట్టింపు కూడా కాలేదు, వంపు ఆరో వంతుకో ఏడో వంతుకో దిగింది. అదే 2040ని పడుకోబెడితే ఆ లాభం చాలావరకు పోతుంది. కొసలు బ్రాకెట్లతో బిగిస్తాం కాబట్టి అసలు వంపు ఈ లెక్కకన్నా కొంత తక్కువే ఉంటుంది. అయినా నేను ఆ సాయాన్ని లెక్కలోకి తీసుకోను.

పొడుగు సంగతి ఇంకా కఠినం. మొత్తం బరువు అంతే ఉండి అర పొడుగు రెట్టింపయితే వంపు ఎనిమిది రెట్లవుతుంది. పొడుగుతోపాటు బరువు కూడా రెట్టింపయితే పదహారు రెట్లు. ఎవరైనా రెండు మీటర్ల అర కావాలంటే నేను ముందు మధ్యలో ఇంకో గుంజ పెట్టుకోమంటాను. లావు కడ్డీ కొనడంకన్నా అది మంచి పని.

అతుకుల్లో రెండు రకాలే నేను ఎక్కువగా వాడతాను, రెండూ ఒకే చోట వాడను. మొదటిది కొసబోల్టు. అడ్డకడ్డీ కొసన నడుమ ఉన్న రంధ్రంలో మరలు చెక్కి, గుండ్రటి తల ఉన్న బోల్టు ఎక్కించి, ఆ తలని గుంజ గాడిలోకి జొనుపుతాం. గుంజకి అవతలి పక్క నుంచి చిన్న రంధ్రం పెట్టి, అందులోంచి అలెన్ కీ దూర్చి బిగిస్తాం. బయటికి ఏమీ కనిపించదు, కోత మూలమట్టానికి సరిగ్గా ఉంటే అతుకు చాలా గట్టిగా కూర్చుంటుంది. కాకపోతే కీ దూరే రంధ్రం ఎక్కడుంటే అతుకు అక్కడే. అందుకని పైచట్రానికీ కిందిచట్రానికీ ఇది. రెండోది మూల బ్రాకెట్. ఇది కనిపిస్తుంది, కానీ ఎక్కడికైనా జరుపుకోవచ్చు. అరలన్నీ దీనిమీదే. కదలకూడనివి ఏవో, కదలవలసినవి ఏవో గీత గీసేటప్పుడే విడదీసుకుంటే మిగతా పని దానంతటదే ఒక దారిన పడుతుంది.

బ్రాకెట్ అతుకు నిలబడేది రాపిడి మీదే అని మరిచిపోకూడదు. బోల్టు బిగువు వల్ల రెండు లోహాలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, ఆ నొక్కుడే అరని జారకుండా ఆపుతుంది. అందుకే బరువైన అరలకి కడ్డీ కింద ఒక బ్రాకెట్, పైన ఒక బ్రాకెట్ పెడతాను. టి-నట్‌లలో కొస నుంచి జొప్పించేవి గాడి పెదవుల్ని ఎక్కువ మేర పట్టుకుంటాయి, అవి నాకు నమ్మకం. గాడిలో ఎక్కడైనా పెట్టి తిప్పితే అడ్డం తిరిగి పట్టుకునే రకం పనికి సులువు, కానీ ఒక్కోసారి పూర్తిగా తిరగదు. చేతికి బిగిసినట్టే ఉంటుంది, లోపల నట్ మూల మాత్రమే తగులుకుని ఉంటుంది. ప్రతి బోల్టునీ బిగించాక బ్రాకెట్‌ని పట్టుకుని గట్టిగా లాగి చూడాలి. కొస నుంచి జొప్పించే నట్‌లు చట్రం మూసేముందే గాళ్లలో వేసుకోవాలి, అవసరమైనవాటికన్నా కొన్ని ఎక్కువే. తరవాత దీపానికో, కొక్కేనికో అవి అక్కరకొస్తాయి.

కొనేటప్పుడు గాడి వెడల్పు అడగాలి. 20 వరసలో కొందరివి 5 మి.మీ., కొందరివి 6. 40 వరసలో 8 ఉంటాయి, 10 ఉంటాయి. బయటి కొలత ఒకటే కాబట్టి చూస్తే తేడా తెలియదు, నట్ మాత్రం దూరదు, లేదా వదులుగా ఊగుతుంది. కడ్డీ, నట్, బ్రాకెట్ మూడూ ఒకే వరసవి తీసుకోవడమే మేలు.

ఇక కోత. ఈ పని మొత్తంలో నేను ఎక్కువ మనసు పెట్టేది ఇక్కడే. కడ్డీ కొస అర డిగ్రీ వాలినా 40 మి.మీ. ముఖం మీద కనిపించే సందు మూడో వంతు మిల్లీమీటరే. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే తప్ప తెలియదు. కానీ ఆ కొస మీద 1800 మి.మీ. గుంజ నిలబెడితే దాని పైకొస దాదాపు 16 మి.మీ. పక్కకి పోతుంది. మీటర్ సా (కోణం పెట్టి కోసే కరెంటు రంపం) మీద అల్యూమినియం కోసే కార్బైడ్ బ్లేడు వేసుకోవాలి. పళ్లు ఎక్కువ ఉండాలి, పది అంగుళాల బ్లేడుకి 80 గానీ అంతకన్నా ఎక్కువ గానీ. పంటి వాలు సున్నా గానీ వెనక్కి వాలినట్టు గానీ ఉంటే మంచిది, లేకపోతే పళ్లు లోహాన్ని కొరుక్కుని కడ్డీని లాగేస్తాయి. పళ్లకి కోత మైనం రాస్తే పొట్టు అంటుకోదు. కడ్డీని క్లాంపుతో బిగించకుండా, చేత్తో పట్టుకుని మాత్రం కోయకండి. కంటి రక్షణ అద్దాలు తప్పనిసరి, ఎగిరే పొట్టు వేడిగానూ వాడిగానూ ఉంటుంది. రాపిడి చక్రం వేసి కోయడం వద్దు. మెత్తటి లోహం ఆ చక్రంలో కూరుకుపోతుంది.

మీటర్ సా లేనివాళ్లు చేతి రంపంతో కూడా చేయవచ్చు. అంగుళానికి 24 పళ్లున్న బ్లేడు, కొంచెం కిరోసిన్, తరవాత ఆకురాయి, మూలమట్టం. చిన్న స్టాండుకి ఇది చాలు. ఇరవై ముక్కల షోకేసుకి చాలదు.

కోత ముందు రెండు లెక్కలు వేసుకోవాలి. ఒకటి, గుంజల మధ్య దూరే కడ్డీలన్నిటికీ రెండు గుంజల మందం తీసేయడం. 1280లోంచి 80 తీస్తే 1200. రెండోది, బ్లేడు మందం. ప్రతి కోత సుమారు 3 మి.మీ. తింటుంది. ఆరు మీటర్ల కడ్డీలో 1200 ముక్కలు అయిదు వస్తాయనిపిస్తుంది, కానీ నాలుగే వస్తాయి. పైగా కడ్డీ కొత్తగా వచ్చినప్పుడు కొసలు సరిగ్గా ఉంటాయని నమ్మలేం, వాటిని ముందు చెక్కేయాలి. నేను ఒకే పొడుగు ముక్కలన్నిటినీ ఒకే విడతలో, రంపం బల్లకి అడ్డుదిమ్మె బిగించి కోస్తాను. అన్నీ 1200 బదులు 1199.5 వచ్చినా ఫరవాలేదు. ఒకటి 1200, ఒకటి 1199 వస్తేనే చట్రం మెలిపడుతుంది.

నడుమ రంధ్రంలో ట్యాప్ అనే పనిముట్టుతో మరలు చెక్కడం నాకు హాయినిచ్చే పని. 20 వరసలో ఆ రంధ్రం ఎక్కువగా ఎం5 (5 మి.మీ. బోల్టు కొలత) ట్యాప్‌కీ, 40 వరసలో ఎం8 ట్యాప్‌కీ సరిపోయేలా ఉంటుంది. ట్యాప్‌కి నూనె గానీ కిరోసిన్ గానీ పట్టించి, నిటారుగా మొదలుపెట్టి, కొంచెం ముందుకి తిప్పి కొంచెం వెనక్కి తిప్పుతూ పోవాలి. పొట్టు తెగిన సంగతి వేళ్లకి తెలుస్తుంది.

కూర్చేటప్పుడు నేల సమంగా ఉన్న చోట పడుకోబెట్టి, బోల్టులన్నీ సగమే బిగించి, రెండు కర్ణాలూ కొలుస్తాను. 1280 వెడల్పు, 1800 ఎత్తు ఉంటే బయటి మూల నుంచి బయటి మూలకి దాదాపు 2209 రావాలి. అంకె కన్నా రెండూ సమానంగా ఉన్నాయా అన్నదే చూసుకోవాలి. పొడుగున్న కర్ణం వైపు మూలని రబ్బరు సుత్తితో తట్టి సరిచేసి, అప్పుడు పూర్తిగా బిగించడం. నిలబెట్టాక రసమట్టం పెట్టి, కింది పాదాలు తిప్పుతూ నేల తేడా సరిచేయడం. అప్పటికీ పక్కకి తోస్తే ఊగుతుంటే బ్రాకెట్లు పెంచడంకన్నా వెనక ఒక పలక బిగించడం మేలు. బాబాయి షోకేసుకి కింది అర వెనక మాత్రమే ప్లైవుడ్ పలక వేసి, చుట్టూ దగ్గరదగ్గరగా బోల్టులు వేశాను. ఆ ఒక్క పలకతో మొత్తం చట్రం బిగుసుకుంది. పై అరల వెనక తెరిచే ఉంచాను, ఎందుకంటే ఆయన అప్పుడప్పుడు ఒకటో రెండో సెట్లు పాడిస్తారు. వాల్వులు వేడెక్కుతాయి, ఆ వేడి పోవడానికి దారి కావాలి.

ముందు వైపు ధూళి పడకుండా ఆక్రిలిక్ తలుపులు. ఆక్రిలిక్ వేడికి అల్యూమినియం కన్నా మూడు రెట్లు సాగుతుంది. మీటరు పలకకి 25 డిగ్రీల తేడాలో సుమారు 1.7 మి.మీ., అల్యూమినియం 0.6. గాడిలో బిర్రుగా కూర్చోబెడితే ఎండాకాలంలో పలక ఉబ్బి వంగుతుంది. అందుకే అన్ని వైపులా కలిపి రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీ వదిలి, గాడిలో రబ్బరు పట్టీ పెట్టాలి. అమ్మోనియా, ఆల్కహాల్ ఉన్న అద్దాల ద్రావకాలతో ఆక్రిలిక్‌ని తుడిస్తే సన్నటి పగుళ్లు పడతాయి. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. గాజు కావాలనుకుంటే టఫెన్డ్ గాజే పెట్టుకోండి, కానీ చట్రం కట్టి, తెరుపు కొలిచాకే ఆర్డరివ్వండి. గట్టిపరిచిన గాజుని తరవాత కోయడం, తొలవడం కుదరదు.

దీపాలకి గాళ్లే దారి. ఎల్‌ఈడీ పట్టీని ముందు కడ్డీ కింది గాడిలో, వెలుగు వెనక్కి వాలేలా అంటించాను. వైర్లు గుంజ గాడిలో దిగి, పైన ప్లాస్టిక్ మూతతో కనుమరుగయ్యాయి. పొడుగు ఎక్కువైతే 12 వోల్టుల పట్టీకన్నా 24 వోల్టులది తీసుకోవాలి. అదే వెలుగుకి కరెంటు సగమే పారుతుంది, చివర మసకబారడం తగ్గుతుంది. పట్టీ వేడిని కూడా అల్యూమినియం లాగేసుకుంటుంది. పాత చెక్కకీ, డయల్ గాజుకీ 2700 కెల్విన్ పసుపు వెలుగు ఎంత అందం తెస్తుందో చూస్తేనే తెలుస్తుంది.

కరెంటు అన్నాక ఒక ముఖ్యమైన మాట, పాత రేడియోలు పెట్టుకునే ప్రతి ఒక్కరికీ. పాత సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఏసీకీ డీసీకీ పనిచేసే రకం ఉండేది. వాటి లోపలి ఛాసీ (భాగాలు బిగించే లోహపు పళ్లెం) నేరుగా కరెంటు తీగ ఒకదానికి తగిలి ఉంటుంది. అలాంటి సెట్టుని లోహపు చట్రం మీద, వెనక తెరుచుకుని ఉన్న అరలో పెట్టి ప్లగ్ పెట్టడం ప్రాణాపాయం. అలాంటివాటిని ప్లగ్గులు తీసి చూపుకే ఉంచాను. చట్రం మొత్తానికీ ఎర్త్ కలపాలి, కానీ ఒక చోట కలిపితే అంతా కలిసినట్టు కాదు. కడ్డీల మీద విద్యుత్ పద్ధతిలో ఎక్కించే అనోడైజింగ్ పొర అల్యూమినియం ఆక్సైడే, అది కరెంటుని పారనివ్వదు. బ్రాకెట్ దానిమీదే కూర్చుంటే రెండు కడ్డీల మధ్య సంబంధం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పళ్లున్న వాషరు వేసి పొరని చీల్చి బిగించాలి, ఆ తరవాత మల్టీమీటరుతో ప్రతి కడ్డీకీ ఎర్త్ అందుతోందో లేదో చూడాలి. ఈ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాను.

అన్నిటికీ ఇదే వాడమని నేను చెప్పను. కుర్చీకి వద్దంటాను. మనిషి కూర్చుని, లేచి, వెనక్కి వాలుతుంటే రాపిడి అతుకులు మెల్లగా వదులవుతాయి, కిర్రుమంటాయి. చెయ్యి ఆనే చోట లోహం చల్లగా తగులుతుంది కాబట్టి బల్ల పైభాగం చెక్కదే ఉండాలి. పొర లేని ముడి కడ్డీలు చేతికీ బట్టకీ నల్లగా అంటుతాయి, ఇంట్లోకి అనోడైజ్ చేసినవే తేవాలి. కోసిన కొసలకి ఆ పొర ఉండదు కాబట్టి వాటికి మూతలు పెట్టాలి.

ఇప్పుడు మా అక్కకి బొమ్మలు గీసుకునే బల్ల కడుతున్నాను. పైపలక వాలు మార్చుకునేలా కీలు అతుకులు వేస్తున్నాను. కాళ్లకి 4040 చాలు. గీసేటప్పుడు మోచెయ్యి మోపితే ఊగకూడదు కాబట్టి కింద హెచ్ ఆకారంలో 4080 అడ్డం పెడుతున్నాను. ఇది రోజూ కదిలే వస్తువు కాబట్టి బోల్టులకి మరల జిగురు, విప్పడానికి వీలైన నీలం రకం, రాస్తున్నాను. పలక ఎంత ఎత్తులో ఉండాలని అడిగితే "కూర్చుని చూస్తే గదా తెలిసేది" అంది అక్క. నిజమే. రెండు కాళ్లనీ కాస్త పొడుగ్గానే కోసి ఉంచాను.